తాళం పడకుండానే మూతపడుతున్న భివండీ

భివండీలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతున్నాయన్న మాట ఏళ్లుగా వింటున్నదే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి ఇళ్లలో ఆ ఊరి పేరు వినని వాళ్లు అరుదు. తాతో మేనమామో అక్కడికి వలసపోయి ఉంటారు. నాలుగు సాంచాల మీద కూలికి నిలబడి, కాలం కలిసొస్తే రెండు సాంచాలు సొంతం చేసుకుని, పిల్లల పెళ్లిళ్లకు ఊరికొచ్చి పోయి ఉంటారు. ఠాణే జిల్లాలో ముంబైకి దగ్గరలోనే ఉన్న ఈ ఊళ్లో వరాలాదేవి పేరు మీద వెలసిన వరాలా తలావ్ చెరువు, దాని చుట్టుపక్కల కామత్‌ఘర్, అటుపక్క పద్మనగర్ మనవాళ్ల పేటలు. ఆ పేటలు బతికిందే మరమగ్గం మీద. దేశంలోని మరమగ్గాల్లో పెద్ద వాటా ఒకప్పుడు ఈ ఒక్క ఊళ్లోనే ఉండేది. ఇప్పుడు షెడ్డు తర్వాత షెడ్డు ఖాళీ అవుతోంది. సాంచాలు పాత ఇనుము ధరకు తూకం వేసి అమ్ముడుపోతున్నాయి. ఇంత పెద్ద పరిశ్రమ కరిగిపోతున్నా ఇది ఫలానా రోజున మూతపడిందని ఎవరూ ప్రకటించలేదు, ఎవరి చేతికీ నోటీసు రాలేదు, ఎవరికీ పరిహారం అందలేదు. దానికి కారణం ఇవాళ్టి మాంద్యంలో వెతికితే దొరకదు. ఈ ఊరిని మొదటి నుంచీ ఏ తీరున కట్టారో అందులో ఉంది. చట్టం కంట పడకుండా ఉండటమే భివండీ లాభానికి మూలం. ఆ కనపడకపోవడమే ఇప్పుడు కార్మికుడి నోట్లో మట్టి కొడుతోంది.

పెద్ద కర్మాగారం మూతపడటం ఎలా ఉంటుందో ముందు చూడాలి. ఇంగ్లండులోని స్విండన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1843లో కర్మాగారం తెరిచింది. ఇంజన్లు, పెట్టెలు అక్కడే తయారయ్యేవి. మంచి రోజుల్లో 14,000 మంది దాకా పనిచేశారు. బ్రిటిష్ రైల్వేలకు కట్టిన చివరి ఆవిరి ఇంజన్ ‘ఈవెనింగ్ స్టార్’ 1960లో అక్కడి నుంచే బయటికొచ్చింది. 1986 మార్చిలో దాని గేట్లు మూశారు. ఆ ఊరికి అది తీరని దెబ్బే. అయితే ఆ దెబ్బకు ఒక తేదీ ఉంది, ఉద్యోగుల జాబితా ఉంది, పోట్లాడటానికి యూనియన్ ఉంది, జవాబు చెప్పాల్సిన యజమాని ఉన్నాడు. ఇప్పుడక్కడ ఆ రైల్వే చరిత్ర చెప్పే మ్యూజియం కూడా ఉంది. మన దగ్గరికి వస్తే, నిజాం కాలంలో 1934లో వరంగల్‌లో పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. ఆ మూత వెనక ఎన్ని అన్యాయాలున్నా, మిల్లు కార్మికుడు తానెవరో చెప్పుకోగలిగాడు. గేటు ముందు కూర్చున్నాడు, మిల్లు భూముల్లో వాటా అడిగాడు. ముంబైలో 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు సమ్మె రెండు లక్షల పైచిలుకు కార్మికులను రోడ్డున పడేసింది. ఆ సమ్మె గెలవలేదు, మిల్లులు ఒక్కొక్కటే అంతరించాయి. అయినా తర్వాతి కాలంలో మిల్లు భూముల్లో కార్మికులకు ఇళ్లు కట్టాలన్న నిబంధన వచ్చింది, మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా లాటరీలు తీసింది. అర్హత ఎలా తేల్చారు? ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ చీటీ, మిల్లు హాజరు పుస్తకంలో పేరు చూసి. దశాబ్దాల తర్వాత కూడా ఆ కాగితం ముక్క మనిషిని నిలబెట్టింది.

భివండీలో ఆ కాగితం లేదు. షెడ్డులోకి వెళ్లి చూస్తే ఎందుకు లేదో తెలుస్తుంది. రేకుల కప్పు కింద బారులు తీరిన పాత నాడె సాంచాలు. నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడులో పక్కమనిషి మాట వినపడదు, దూది ధూళి కనురెప్పల మీద పేరుకుంటుంది. ఒక్కో మనిషి నాలుగు, ఆరు సాంచాలు చూస్తుంటాడు. తెగిన పోగు అతకడం, అయిపోయిన కండె తీసి కొత్తది పెట్టడం, పన్నెండు గంటల పాటు ఇదే. ఒక షెడ్డు అనుకుంటాం గానీ అందులో ఎంతమంది యజమానులున్నారో లెక్కపెట్టండి. గోడలు ఒకరివి, వాటికి అద్దె. సాంచాలు ఇంకొకరివి, తరచు అవీ ఇద్దరు ముగ్గురి మధ్య పంచుకున్నవి. నూలు దాన్నిచ్చి బట్ట నేయించుకునే సేఠ్‌ది. పడుగుకు గంజి పెట్టి భీము చుట్టే సైజింగ్ మరో చోట. కండెలు చుట్టేవాళ్లు, వైపని చేసేవాళ్లు, సాంచె మరమ్మతు చూసే జాబర్, బట్ట మడత పెట్టేవాళ్లు ఎవరి కూలి వాళ్లది. సాంచాలున్నవాడికి పిక్కుకు (అడ్డపోగుకు) ఇన్ని పైసల చొప్పున మజూరీ, నేసేవాడికి మీటర్ల లెక్కన కూలి, వారానికో పదిహేను రోజులకో హిసాబు. ఆ హిసాబు ఉండేది సేఠ్ చేతి పుస్తకంలో, పెన్సిలు అంకెల్లో.

ఇలాంటి చోట పని ఆగిపోవడం అంటే ఏమిటి? సేఠ్ కొత్త భీము పంపడు, అంతే. సాంచాలవాడు ఒక బారు ఆపుతాడు. రెండు వారాలకు ఇంకో బారు ఆపుతాడు. కార్మికుడు పండగకు ఊరికి పోతాడు, తిరిగొచ్చేసరికి అతని సాంచాల మీద బట్ట కప్పి ఉంటుంది. మూసింది ఎవరు? షెడ్డువాడు తాను అద్దె మాత్రమే తీసుకున్నానంటాడు. సాంచాలవాడు తానూ కూలికి నేయించేవాడినే అంటాడు. సేఠ్ తనకు ఏ ఫ్యాక్టరీ లేదంటాడు. కాగితం మీద చూస్తే ముగ్గురూ చెప్పేది నిజమే. పత్రికల్లో భివండీ సాంచాల సంఖ్య ఒకరు ఐదు లక్షలని, ఒకరు ఏడు లక్షలని రాస్తారు. లక్షల తేడాతో అంచనాలు నడిచే పరిశ్రమలో ఎంతమందికి పని పోయిందో తేల్చడం ఎవరి తరం?

ఈ రూపం అనుకోకుండా వచ్చింది కాదు. చేతిమగ్గాల మీద నేసే మోమిన్ అన్సారీలు ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన ఊరు భివండీ. 1930ల్లో కరెంటు రాకతో మరమగ్గం అడుగుపెట్టింది. స్వాతంత్ర్యం తర్వాత చేనేతను కాపాడాలని ప్రభుత్వం మిల్లుల్లో కొత్త మగ్గాలకు పగ్గం వేసింది. మిల్లుకు పగ్గం పడ్డ చోట చేనేత ఎదగలేదు, మధ్యలో మరమగ్గం దూరింది. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది పనిచేస్తే దాన్ని ఫ్యాక్టరీ అంది. పదిమంది దాటకుండా చూసుకుంటే చాలని యజమానులకు తెలిసిపోయింది. ఒకే షెడ్డు భార్య పేర, తమ్ముడి పేర, బావమరిది పేర ముక్కలైంది. ఈఎస్‌ఐకి పదిమంది, పీఎఫ్‌కు ఇరవై మంది అన్న గీతలు కూడా అలాగే దాటకుండా ఆగిపోయాయి. 1982 సమ్మెలో మిల్లులు ఆగినప్పుడు బజారుకు బట్ట తగ్గకుండా చూసింది భివండీ సాంచాలే. మిల్లుల మార్కు పడ్డ బట్ట కూడా ఇక్కడ నేయించుకున్న యాజమాన్యాలున్నాయి. మిల్లులు తీసిపారేసిన మగ్గాలు ఈ షెడ్లకే చేరాయి. 1985 జౌళి విధానం మరమగ్గాన్నీ మిల్లునూ ఒక్క గాటన కట్టాక ఇక అడ్డు లేకపోయింది. మిల్లులో కార్మికుడికి ఉన్న సెలవు, వైద్యం, పింఛను ఖర్చు తీసేస్తే మిగిలేదే భివండీ చవక. ఆ చవకే దేశమంతా తొడుక్కుంది.

పతనానికి చెప్పే కారణాలు అనేకం, వాటిలో అబద్ధం ఏదీ లేదు. మొదటిది కరెంటు. 2006 నాటికి భివండీకి పంపిన కరెంటులో సగానికి పైగా డబ్బు రాకుండా పోయేదని లెక్క. 2007 జనవరిలో పంపిణీని టోరెంట్ పవర్‌కు ఫ్రాంచైజీగా ఇచ్చారు, దేశంలో ఈ పద్ధతి మొదలైంది ఇక్కడే. మీటర్లు బిగిశాయి, బిల్లులు వచ్చాయి, మజూరీ పైసల్లో కరెంటు వాటా పెరిగింది. తర్వాత 2016 నవంబర్ 8 నోట్ల రద్దు. వారం వారం నగదు హిసాబు మీద నడిచే ఊరికి అది ఎలాంటి దెబ్బో వివరించక్కర్లేదు, కూలి ఇవ్వడానికి నోటు లేక సాంచె ఆపుకున్నారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే 2017 జులై 1న జీఎస్‌టీ. నూలు కొన్న దగ్గర్నుంచి బట్ట అమ్మేదాకా ప్రతి చేతికీ బిల్లు కావాలి. పేరు లేని చేతుల మీద కట్టిన గొలుసు అది, బిల్లు ఎక్కడి నుంచి వస్తుంది? బిల్లు ఇవ్వగల పెద్దవాళ్ల దగ్గరికే వ్యాపారులు వెళ్లారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో నేసేవాళ్లంతా ఊళ్ల బాట పట్టారు. ఆ మే మొదట్లో వలస కూలీలతో మహారాష్ట్ర నుంచి బయల్దేరిన తొలి శ్రామిక్ రైళ్లలో ఒకటి భివండీ నుంచే గోరఖ్‌పూర్ వెళ్లింది. ఆ రైలెక్కినవారిని పిలిచి మళ్లీ పని ఇస్తామని మాటిచ్చినవాడు ఎవరూ లేడు. ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో రాసిన కాగితమూ లేదు. ఇక్కడే నా వాదన. కరెంటు బిల్లు, నోట్ల రద్దు, జీఎస్‌టీ, లాక్‌డౌన్ దేశంలోని అన్ని పరిశ్రమలకూ తగిలాయి. భివండీ కార్మికుడికి మాత్రం అడ్డం పడ్డది ఏదీ లేకపోయింది, ఎందుకంటే అడ్డం పడాల్సిన వాటినన్నిటినీ తప్పించుకునే ఈ పరిశ్రమ ఎదిగింది.

పాత యంత్రాలు పోక తప్పదు కదా, దీనికి ఏడ్పు ఎందుకని ఒకరు అడగవచ్చు. యంత్రం సంగతి నిజం. నాడె సాంచె నిమిషానికి నూట యాభై పిక్కుల దరిదాపుల్లో ఆగుతుంది, ఎయిర్‌జెట్ మగ్గం ఆరువందలు దాటి పోతుంది. బట్టలో లోపాలు తక్కువ, పన్నా ఎక్కువ. అలాంటి మగ్గానికి లక్షలు పెట్టాలి, ఆగకుండా కరెంటు కావాలి, దుమ్ము లేని గది కావాలి. 1999లో వచ్చిన జౌళి సాంకేతిక నవీకరణ నిధి పథకం, 2017లో కేంద్రం తెచ్చిన పవర్‌టెక్స్ ఇండియా ఇందుకోసమే. బ్యాంకు అప్పు కావాలంటే మాత్రం పేరు, ఆస్తి, ఖాతా పుస్తకాలు కావాలి. రెండు సాంచాల యజమాని దగ్గర అవి లేవు. యంత్రం పాతబడితే మనుషులూ పోవాల్సిందేనా? సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే కర్మాగారాన్ని చూడండి. నిజాం రైల్వే కాలంలో 1893లో పెట్టింది. అది పుట్టిన రోజుల్లో ఉన్న ఆవిరి ఇంజను ఇప్పుడు లేదు. కర్మాగారం ఉంది, రైలు పెట్టెల మరమ్మతులు అక్కడ జరుగుతున్నాయి. ఆవిరి పోయినప్పుడు మనుషులకు కొత్త పని నేర్పడం అక్కడ ఒక యజమాని బాధ్యత అయింది, ఆ ఖర్చు రాసుకోవడానికి ఒక పద్దు ఉంది. యంత్రం మారడం ఒక సంగతి, మనిషిని వదిలేయడం ఇంకో సంగతి. రెండోది యంత్రం చేసే పని కాదు.

ఇంకో మాట వినిపిస్తుంది. సాంచాలు పోతే పోయాయి, గోదాములు వచ్చాయి కదా అని. వచ్చాయి. నాసిక్ రహదారి, జేఎన్‌పీటీ ఓడరేవు, ముంబై బజారు మూడూ అందే చోటు కావడంతో భివండీ చుట్టూ పల్లెల్లో దేశంలోకెల్లా పెద్ద గోదాముల సముదాయాల్లో ఒకటి లేచింది. మనం ఫోన్‌లో ఆర్డరు పెట్టే వస్తువుల్లో ఎన్నో అక్కడి మీదుగానే వస్తాయి. అక్కడ కుర్రవాళ్లకు పని దొరుకుతోంది, కాదనను. కాకపోతే ఆ పని కాంట్రాక్టరు కింద మూటలు ఎత్తడం, దించడం, డబ్బాలు కట్టడం. నలభై ఐదేళ్ల నేతగాడికి, ఇరవై ఐదేళ్లుగా పోగు అతికిన వేళ్లకు, దుమ్ము పీల్చి బలహీనపడ్డ ఊపిరితిత్తులకు ఆ పని ఎవరిస్తారు? ఇస్తే ఎంతకాలం చేయగలడు? షెడ్డు యజమానికి మటుకు గోదాము అద్దె సాంచాల అద్దె కంటే లాభం. అందుకే మగ్గం మీద పెట్టుబడి పెట్టాలన్న ఆలోచన కూడా చచ్చిపోతోంది. పైగా కాంట్రాక్టరు, ఉప కాంట్రాక్టరు, ఏజెన్సీ అంటూ గోదాముల్లోనూ మనిషిని ఎవరి పద్దులోనూ కనపడకుండా పెట్టే పద్ధతే నడుస్తోంది. సాంచాల నుంచి పాఠం నేర్చుకోకపోతే రేపు గోదాములు ఎత్తేసినప్పుడు ఇదే కథ.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం చేనేత వాళ్లది. మా మగ్గాన్ని చంపింది ఈ సాంచాలే కదా అంటారు వాళ్లు. చేనేతకు ప్రత్యేకించిన రకాలను కాపాడటానికి 1985లో చట్టం వచ్చింది. దాన్ని కాలరాసి మరమగ్గం మీద నేసిన చీరలు, పంచెలు, తువ్వాళ్లు చేనేత పేరుతో అమ్ముడుపోయాయి. పోచంపల్లి నుంచి మంగళగిరి దాకా ఆ దెబ్బ తగలని ఊరు లేదు. కరెంటు దొంగతనం, పన్ను ఎగవేత, కూలివాడికి హక్కు ఎగ్గొట్టడం, వీటిలో ఏదీ అబద్ధం కాదు. వీటిని కప్పిపుచ్చి భివండీ మీద జాలి పుట్టించాలని నాకు లేదు. కానీ ఎగ్గొట్టిన లాభం ఎవరికి చేరిందో, ఇప్పుడు నష్టం ఎవరి మీద పడిందో చూడాలి. తెలంగాణలో చేనేత చితికి భివండీ పోయినవాడే అక్కడ సాంచె మీద నిలబడ్డాడు. తన తండ్రి మగ్గాన్ని ఓడించిన యంత్రం మీదే పొట్టపోసుకున్నాడు. ఇప్పుడా యంత్రమూ పోయింది. రెండుసార్లు ఉపాధి పోయినవాడు ఒకే మనిషి. అతన్ని నేరస్తుల వరుసలో నిలబెట్టడం న్యాయం కాదు. చట్టం తప్పించుకున్న సేఠ్ లాభాన్ని భూమిలోనో గోదాములోనో పెట్టుకున్నాడు, చట్టానికి కనపడని కూలివాడికి పెట్టుకోవడానికి ఏమీ లేదు.

చట్టంలో ఇతనికి చోటు లేదా అంటే, ఉంది. సంస్థ మూసేస్తే ఏడాదికి పైగా నిరంతరం పనిచేసిన కార్మికుడికి, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. నష్టం వచ్చింది కాబట్టి మూశామన్న సాకు అందుకు మినహాయింపు కాదనీ అందులోనే ఉంది. 2025 నవంబర్ 21న దాని స్థానంలో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ పరిహారం ఉంది. మూతకు ముందే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన మాత్రం వందమంది ఉన్న సంస్థ నుంచి మూడు వందల మంది ఉన్న సంస్థకు జరిగింది. భివండీకి ఆ మార్పుతో పెద్ద తేడా లేదు, అక్కడ వందమంది ఉన్న షెడ్డే అరుదు. భివండీ కార్మికుడికి అడ్డమొచ్చేది ఒకే ఒక్క ప్రశ్న: ఏడాదిలో 240 రోజులు ఫలానావాడి దగ్గర పనిచేశావని రుజువేది? హక్కు పుస్తకంలో ఉంది, రుజువు సేఠ్ పెన్సిలు పద్దులో ఉంది. సాంచాలతో పాటు ఆ పద్దు పుస్తకాలూ చెత్తలోకి పోతున్నాయి.

లెక్క ఉంటే ఏమవుతుందో సిరిసిల్లలో కొంత చూశాం. భివండీ, షోలాపూర్ వలసలతో ముడిపడ్డ సాంచాల ఊరే అది. 2000ల మొదట్లో నేతన్నల ఆత్మహత్యలతో పత్రికలకెక్కింది. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చినప్పుడు సంఘాల వారీగా, యూనిట్ల వారీగా పని పంచాల్సి వచ్చింది. ఎవరెవరి దగ్గర ఎన్ని సాంచాలున్నాయో రాయక తప్పలేదు. ప్రభుత్వ ఆర్డరు మీదే ఊరంతా ఆధారపడటం మంచిది కాదని 2024లో ఆర్డర్లు లేక సాంచాలు ఆగినప్పుడు తేలింది. అయినా అప్పుడు ఎవరికి పని లేదో, ఎవరికి బకాయి ఉందో అడగడానికి పేర్లున్నాయి. సాంచాలున్న ఆసాములు, కార్మికులు రోడ్డెక్కితే ఏ ప్రభుత్వాన్ని అడగాలో తెలుసు. భివండీ పద్మనగర్‌లోని నేతగాడికి మాత్రం తెలంగాణలో ఓటు లేదు కాబట్టి తెలంగాణ పట్టించుకోదు, తెలుగువాడు కాబట్టి మహారాష్ట్ర నాయకులకు చివర గుర్తొస్తాడు.

కాబట్టి మహారాష్ట్ర ప్రభుత్వం ముందుగా చేయాల్సింది భివండీ సాంచాల పరిశ్రమ మూతపడుతోందని ఒప్పుకోవడం. షెడ్డు షెడ్డుకూ తిరిగి కరెంటు కనెక్షన్ల ఆధారంగా సాంచాలనూ మనుషులనూ నమోదు చేయాలి. మీటర్లన్నీ ఉన్న ఊళ్లో ఇది అసాధ్యం కాదు. ఆగిన ప్రతి కనెక్షను వెనక ఎవరి పని పోయిందో రాయాలి. 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదులో మరమగ్గం కార్మికులను విడిగా గుర్తించి, నూలు ఇచ్చిన సేఠ్‌నే అసలు యజమానిగా పరిగణించేలా నిబంధన తేవాలి. షెడ్డు ముక్కలైనా నూలు ఒక్కడిదే కదా. పద్మశాలి సంఘాలు గుడి కట్టడానికీ పెళ్లి హాలు కట్టడానికీ ఇంటింటి పేర్లు రాయగలవు. అదే ఓపికతో ఎవరు ఏ షెడ్డులో ఎన్నేళ్లు పనిచేశారో, తోటి పనివాళ్లు ఎవరో సాక్షి సంతకాలతో రాసిపెట్టాలి. కార్మిక న్యాయస్థానం ముందు సాటి కార్మికుడి సాక్ష్యానికి విలువ ఉంటుంది. ఈ వ్యాసం చదివేవారిలో భివండీలో బంధువులున్నవాళ్లు వాళ్లకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి. హిసాబు చీటీలు, సేఠ్ ఇచ్చిన అడ్వాన్సు కాగితాలు, బ్యాంకులో పడ్డ కూలి వివరాలు, షెడ్డు ముందు దిగిన ఫొటోలు పారేయవద్దని, వాటిని ఒక సంచిలో దాచి, ఏడాదివారీగా రాసి పెట్టుకోమని చెప్పండి.